బీవర్ వాగు ప్రధానమంత్రి

నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల నడుమ కూర్చుని బ్రిటన్‌ను ఏలిన మొనగాడు చరిత్ర మొత్తంలో ఒక్కడే. పేరు ఆర్విల్ టాప్‌స్కాట్. అనుమానం ఉన్నవాళ్ళు అమెరికా జనాన్నే అడగవచ్చు. 1998 శరత్కాలంలో అడిగారు కూడా, పద్నాలుగు వందల మందికి ఫోన్లు చేసి మరీ. బ్రిటన్ ప్రధానుల్లో మీరెరిగినవాళ్ళెవరయ్యా అంటే చర్చిల్ మొదటి స్థానం కొట్టేశాడు. థాచరమ్మది రెండోది. అప్పటికి గద్దె మీదున్న బ్లెయిర్‌ది మూడోది. నాలుగో స్థానంలో మన ఆర్విల్. డిజ్రేలీ, గ్లాడ్‌స్టన్ లాంటి ఉద్దండులంతా ఆయన వెనక చేతులు కట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళే. పిట్ పేరు మీద పిట్స్‌బర్గ్ అంతటి నగరం ఉంది గదా, పాపం ఆయనా వెనకే. ఆర్విల్ పేరు మీద ఉన్నదల్లా ఒక వ్యాను. దాని మీద అక్షరాలు కూడా రెండు ఊడిపోయాయి.

ఇంత ఘనుడు ప్లమ్ బెండ్ ఊళ్ళో ఇళ్ళు వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేసి బతికేవాడు. అరవై రెండేళ్ళ మనిషి, పొడుగు, కొంచెం వంగిన వీపు. వీపు వంగింది వినయంతో అని పాస్టరు గారు అనేవాడు గానీ, నలభై ఏళ్ళు నేలమాళిగల్లో తల కాచుకుంటూ తిరిగితే ఎవరికైనా వంగుతుంది. మాటకింత అని పన్ను కట్టాలన్నట్టు మాట్లాడేవాడు. కుర్రతనంలో ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు ఆయన్ని రెండేళ్ళు ఇంగ్లండులో ఉంచారు, అక్కడి సిపాయిల బ్యారకుల్లో బాయిలర్లు చూడటానికి. తిరిగొచ్చాక ఊరు ఊరంతా రైలు దగ్గరికి వెళ్ళి, “ఎలా ఉందిరా ఇంగ్లండు?” అని అడిగింది.

“తడిగా ఉంది,” అన్నాడు ఆర్విల్. ఆ తర్వాత నలభై ఏళ్ళలో ఆ వర్ణనకి ఒక్క ముక్క కలపలేదు.

ఆయన ఇల్లు బీవర్ వాగుకి ఉత్తరపు గట్టున. ఆ గట్టున మొత్తం పందొమ్మిది ఇళ్ళు. 1993లో జిల్లా వాళ్ళు వాగు మీది వంతెనకి అడ్డంగా రెండు పీపాలు దొర్లించి, ఒక చెక్క మేకుకొట్టి వెళ్ళిపోయారు. దూలాలు పుచ్చాయట. అప్పట్నించి రెండు మైళ్ళ దారి పద్నాలుగు మైళ్ళయింది. వేసవిలో అదొక పెద్ద విషయం కాదు. కానీ 98 జనవరిలో ఓ రాత్రి ఆర్విల్ దక్షిణం వైపు ఎవరింట్లోనో ఫర్నేసు ముందేసుకుని ఉండగా, ఉత్తరపు గట్టున మిసెస్ స్వోబొడా ఇంట్లో ఫర్నేసు చచ్చింది. మంచు మీద పద్నాలుగు మైళ్ళు తోలుకుంటూ వెళ్ళేసరికి తెల్లారింది. ఎనభై ఒక్కేళ్ళ ఆవిడ కోటు మీద కోటు తొడుక్కుని, వంటింట్లో ఓవెన్ తలుపు బార్లా తెరిచి, దాని ముందు కుర్చీ వేసుకుని ఉంది. పక్క గదిలో చేపల తొట్టి పైనుంచి కిందిదాకా గడ్డకట్టింది.

“నేను బాగానే ఉన్నాలే ఆర్విల్,” అంది ఆవిడ. “చేపని మాత్రం చూడకు.”

ఆర్విల్ చూశాడు. ఎర్రచేప, తోక ఓ పక్కకి తిరిగి, మంచులో మేకు దిగినట్టు నిలబడిపోయి ఉంది. ఆ రోజే ఆయన జిల్లా బోర్డుకి మళ్ళీ నిలబడాలని నిశ్చయించుకున్నాడు.

మళ్ళీ అనడం ఎందుకంటే, 94లో ఒకసారి నిలబడి చతికిలబడ్డాడు. ఎదురు నిలిచినవాడు గేలార్డ్ పోస్పిషిల్, విత్తనాల వ్యాపారి. గేలార్డుకి ప్రసంగాలక్కర్లేదు. విత్తనాల బస్తా కొన్న ప్రతివాడికీ ఒక టోపీ ఉచితం, టోపీ మీద తాటికాయంత అక్షరాలతో పోస్పిషిల్. ఓటు వేసేవాడు చీటీ చేతిలోకి తీసుకుని ఎరిగిన పేరు కోసం వెతుక్కుంటాడు. ఎదర వరసలో నిలబడ్డవాడి నెత్తి మీదే అది రాసి ఉంటే ఇంక వెతకడమెందుకు? “పందొమ్మిది కొంపల కోసం వంతెనేంటయ్యా? కావాలంటే తలా ఒక పడవ కొనిపెడతాను,” అనేవాడు గేలార్డ్. జనం నవ్వేవారు. జోకు బాగానే ఉండేది మరి.

ఓడిన మర్నాడు కిరాణా కొట్లో ఒకామె ఆర్విల్‌ని పట్టుకుంది. పదేళ్ళుగా ఆవిడ ఇంట్లో ఫర్నేసు చూస్తున్నది ఆయనే.

“నిన్న ఓట్లల్లో టాప్‌స్కాట్ అని ఎవరో నిలబడ్డాడటగా. ఎవరండీ అతను? ఈ ఊరివాడేనా?”

“నేనేనమ్మా.”

“అయ్యయ్యో! మిమ్మల్ని మేం ఫర్నేసాయన అనే అంటాం గదండీ!”

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆర్విల్ దాన్ని తిరగేశాడు, అదీ తనకి తెలియకుండానే.

ప్లమ్ బెండ్ పెద్దవీధిలో, ఒకప్పటి చెప్పుల దుకాణంలో ఫోన్ల ఆఫీసు ఒకటుండేది. నెబ్రాస్కా వాళ్ళ నోట్లో ఏ యాసా పలకదని దేశంలో పేరు. అందుకని జనాభిప్రాయాలు సేకరించే కంపెనీలు ఇక్కడి ఆడవాళ్ళని కూర్చోబెట్టి దేశమంతటికీ ఫోన్లు చేయించేవి. ఏ పళ్ళపొడి వాడతారు, ఏ సెనేటరు నచ్చాడు, ఇలాంటివి. ఆ ఆఫీసుని నడిపించేది లొరెట్టా బీమర్. ఆవిడ గోడకి ఒకే ఒక సూత్రం అంటించి పెట్టింది: కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి, ఒక్క అక్షరం కలపరాదు, నవ్వరాదు, వివరించరాదు.

అక్టోబరు మొదటివారంలో తొలి చలి పడ్డ రోజున ఆఫీసు ఫర్నేసు మొరాయించింది. ఆర్విల్ వచ్చి నేలమాళిగలోకి దిగాడు. పైన లొరెట్టా తూర్పు రాష్ట్రాల నుంచి వచ్చిన కొత్త ప్రశ్నల కాగితం ముందేసుకుంది. బ్రిటన్ ప్రధానుల పేర్లు తొమ్మిది చదవాలి, ఎవరెవరి పేరు విన్నారో అడగాలి. తొమ్మిదిలో ఎనిమిది అసలైనవి. తొమ్మిదోది ఎర. తెలియదు అనడానికి నామోషీ పడేవాళ్ళు ఎంతమందో తేలాలంటే లేనివాడి పేరు ఒకటి మధ్యలో కలపాలి. ఇది ఆ వృత్తిలో మామూలే. కిందటిసారి లొరెట్టా కల్పించిన ఎర పేరు గల మనిషి ఓరెగాన్‌లో పళ్ళ డాక్టరుగా ఉన్నాడని తేలి, ఆయన కోర్టుకెళ్తానని ఉత్తరం రాశాడు. ఈసారి పేరు వినడానికి దొరపేరులా ఉండాలి, మనిషి ఎవరిమీదా కేసులు వేసే రకం కాకూడదు. బల్ల మీద ఆర్విల్ పెట్టిన రశీదు కనిపించింది.

“ఆర్విల్! నీ పేరు కొంచెం వాడుకోనా?” అని మెట్ల మీంచి కేకేసింది.

“దేనికి?”

“కాగితంలో పెట్టడానికి.”

కింద పానా చప్పుడు ఆగింది. “వాడుకో. ఎవరూ వాడట్లేదు,” అన్నాడు ఆర్విల్. పానా మళ్ళీ మోగింది.

ఆ తర్వాతి వారం రోజుల పాటు అమెరికా తన ప్రధానమంత్రుల విద్యని ప్రదర్శించింది. ఎలాంటి పేర్లూ చదవకముందు గుర్తొచ్చినవాళ్ళని చెప్పమంటే చర్చిల్, థాచర్ అనేవారు. తర్వాత రాణిగారి మొగుడు. చాంబర్లేన్ పేరు చదివితే, “ఒక్క ఆటలో వంద పాయింట్లు కొట్టిన బాస్కెట్‌బాల్ ఆయనేగా,” అన్నవాళ్ళు యాభై మందికి తక్కువుండరు. టాప్‌స్కాట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ధీమా చూడాలి. “విన్నాను, యుద్ధంలో గట్టిగా నిలబడ్డాడు,” అన్నాడు టెక్సాస్ నుంచి ఒకాయన. “మంచివాడే గానీ, వాళ్ళావిడే ఇంకా మంచిది,” అంది ఒహాయో ఇల్లాలు. ఫ్లోరిడా రిటైర్డు మేస్టారు ఒకాయన పన్నులు పెంచినందుకు టాప్‌స్కాట్‌ని ఈనాటికీ క్షమించలేనన్నాడు.

గురువారం సాయంత్రం ఆర్విల్, ఆయన భార్య ఆర్డిత్ భోజనానికి కూర్చున్న వేళకి ఫోను మోగింది. అంకెలు తిప్పేది యంత్రం. దానికి ఊరూ వాడా తేడా తెలియదు. అటువైపు డెనీస్ అని కొత్తగా చేరిన అమ్మాయి, పక్క జిల్లా నుంచి రోజూ వచ్చి వెళ్తుంది.

“బ్రిటన్ ప్రధానమంత్రుల్లో మీకు గుర్తొచ్చే పేర్లు చెప్తారా అండీ?”

“ఈడెన్. మెక్‌మిలన్.”

డెనీస్ పెన్ను ఆగింది. నాలుగు రోజుల్లో ఆ రెండు పేర్లు ఎత్తిన ప్రాణి లేదు. “మళ్ళీ ఒకసారి చెప్తారా సార్?”

“ఈడెన్. మెక్‌మిలన్. నేనక్కడున్నప్పుడు వాళ్ళే.”

“సరేనండీ. ఇప్పుడు కొన్ని పేర్లు చదువుతాను. ప్రధానమంత్రిగా విన్నారో లేదో చెప్పండి. చాంబర్లేన్?”

“విన్నాను. ఎప్పుడూ గొడుగు పట్టుకు తిరిగే ఆయన.”

“లార్డ్ నార్త్?”

“విన్నాను. అమెరికా వాళ్ళ చెయ్యిజారింది ఆయన హయాంలోనే.”

“ఆర్విల్ టాప్‌స్కాట్?”

ఆర్విల్ బంగాళాదుంపల గిన్నె కింద పెట్టాడు. “ఏ ఆర్విల్ టాప్‌స్కాట్?”

“ప్రశ్న మళ్ళీ చదవగలనండీ, అంతకంటే ఏం చెప్పకూడదు.”

“చదువమ్మా.”

“బ్రిటన్ ప్రధానమంత్రిగా ఆర్విల్ టాప్‌స్కాట్ పేరు మీరు విన్నారా, వినలేదా?”

గ్యాసు కారుతోందని ఎవరైనా అంటే ఆర్విల్ వెంటనే ఏమీ అనడు, ముందు వాసన చూస్తాడు. ఈ ప్రశ్ననీ అలాగే చూశాడు. “ప్రధానమంత్రిగా అయితే వినలేదు,” అన్నాడు.

అన్నీ అయ్యాక, పైవాళ్ళు సరిచూసుకోవడానికి పేరు కావాలంది డెనీస్.

“ఆర్విల్ టాప్‌స్కాట్.”

“సార్, మీకిది నవ్వులాట. మాకు కూడు పెట్టే పని,” అని ఫోను పెట్టేసి, కాగితం మీద అడ్డంగా రాసింది: జవాబు చెప్పినవాడు పరిహాసమాడుతున్నాడు, లెక్కలోంచి తీసెయ్యాలి.

అలా పద్నాలుగు వందల మందిలో రెండువందల అరవై ఆరుగురు టాప్‌స్కాట్ ప్రధానిని ఎరుగుదుమని చెప్పి లెక్కలో నిలిచారు. ఎరగనని నిజం చెప్పిన అసలు టాప్‌స్కాట్ చెత్తబుట్టలోకి వెళ్ళాడు.

లొరెట్టా కడుపులో మాట నిలిచే మనిషి కాదు. ఓట్లకి పది రోజులుందనగా ఊరి వారపత్రిక మొదటి పేజీలో పెట్టేసింది: బ్రిటన్ ప్రధానిగా మన ఫర్నేసాయన, దేశంలో నాలుగో స్థానం. ఆ పూట కాఫీ హోటల్లోకి ఆర్విల్ అడుగు పెట్టగానే పదిమందీ లేచి నిలబడ్డారు.

“దయచేయండి ప్రధాని గారూ! మా ఇంట్లో హీటరు శబ్దం చేస్తోంది, పార్లమెంటు అయ్యాక వచ్చిపోతారా?”

“సాయంత్రం వస్తాను,” అన్నాడు ఆర్విల్.

బల్ల చివర, ఈసారీ పోటీలో ఉన్న గేలార్డ్ పోస్పిషిల్ టోపీ సర్దుకుని, “ఇంగ్లండు పెత్తనం మాకొద్దని 1776లోనే చెప్పాం గదయ్యా, మళ్ళీ ఏంటీ గోల?” అన్నాడు. అందరూ దానికీ నవ్వారు. ఈసారి గేలార్డ్ నవ్వు మాత్రం అందరికంటే ముందే ఆగిపోయింది.

ఆర్డిత్ తమ్ముడు మెర్ల్ ఆ రాత్రే వచ్చాడు. టైర్ల కొట్టు వాడిది, నోరు మాత్రం ఏ మార్కెట్టుకైనా సరిపోతుంది.

“బావా, నీ దశ తిరిగింది! ప్రచారానికి అట్టలు అచ్చు కొట్టించేశా. ‘ఆర్విల్ టాప్‌స్కాట్, అయిదుగురు అమెరికన్లలో ఒకరికి తెలిసినవాడు.’ ఎలా ఉంది?”

“వాళ్ళకి నేను తెలీదురా.”

“గేలార్డ్ మాత్రం ఎవడికి తెలుసు? వాడి టోపీ తెలుసు. బావా, ఓటు తెలిసినవాడికి పడదు, విన్న పేరుకి పడుతుంది. నీకు వంతెన కావాలా వద్దా?”

కావాలి. అందుకే ఆర్విల్ మాట్లాడలేదు. మెర్ల్ దాన్ని ఒప్పుకోలు కింద రాసుకున్నాడు.

ఆ పది రోజుల్లో కథ కాళ్ళు తెచ్చుకుని ఊరు తిరిగింది. మంగలి దుకాణంలో బయల్దేరినప్పుడు, ఆర్విల్ ఇంగ్లండులో బాయిలర్లు బాగుచేశాడనే మాటే. బ్యాంకు దగ్గరికి వచ్చేసరికి ఆ బాయిలరు ప్రధాని ఇంటిదయింది. చర్చి మెట్ల మీద, ప్రధాని గారు వెచ్చగా నిద్రపోవడం వల్లే ఫలానా సంధి కుదిరిందన్నారు. పశువుల సంతకి చేరేసరికి ప్రధాని ఊరెళ్తూ తాళాలు ఆర్విల్ చేతిలో పెట్టి, “మూడు వారాలు కాస్త దేశం చూసుకో నాయనా,” అన్నాడట. నమ్మనివాళ్ళకి ఆర్విల్ మౌనమే సాక్ష్యం. “చూడండి, కాదనడు! పెద్ద రహస్యాలు తెలిసినవాళ్ళు అలాగే ఉంటారు.”

ఓట్లకి ముందు ఆదివారం అగ్నిమాపక కేంద్రంలో విందు. ఎర్ర బండ్లు బయట పెట్టి లోపల బల్లలు వేస్తారు. మాంసం, చిక్కుడుగింజలు వేసి కారంగా వండే చిల్లీ పులుసు గిన్నె, పక్కన దాల్చినచెక్క తీపి రొట్టె. నిలబడ్డ ప్రతివాడికీ రెండు నిమిషాలు మాట్లాడే వీలు. మెర్ల్ ఎక్కణ్ణించో పొడుగు నల్ల టోపీ, పిడికిలంత చుట్ట తెచ్చాడు.

“ఇవి పెట్టుకుని లే. జనం ఈలలెయ్యకపోతే నా పేరు మార్చుకో.”

“తీసెయ్.”

“పోనీ వద్దు. ఎవరైనా ప్రధాని ఇంటి సంగతి అడిగితే మాత్రం ఊరుకో. చాలు. అవుననక్కర్లేదు, కాదనక్కర్లేదు. నీకొచ్చిన ఏకైక విద్య అదేగా బావా, ఊరుకోవడం!”

గేలార్డ్ లేచి పడవల జోకు మళ్ళీ వేశాడు, టోపీలు పంచాడు. తర్వాత ఆర్విల్ లేచాడు. గొంతు సవరించుకునేలోపే వెనక బల్ల నుంచి ఒకాయన, “ప్రధాని ఇంటి తాళాలు మీ దగ్గరున్న మాట నిజమేనా?” అని అరిచాడు. హాలంతా చెంచాలు ఆపింది. నిజమని అందరికీ దాదాపు నమ్మకమే. ఆయన కళ్ళతో ఒప్పుకుంటే చాలు, మిగతాది వాళ్ళే చూసుకుంటారు. మెర్ల్ రెండు చేతులూ కిందికి ఊపుతున్నాడు, ఊరుకో, ఊరుకో అని.

ఆర్విల్‌కి మూడో బల్ల దగ్గర మిసెస్ స్వోబొడా కనిపించింది. ఆవిడ పద్నాలుగు మైళ్ళు చుట్టి వచ్చి, రొట్టె మీది చక్కెర చెంచాతో గీకుతోంది. ఈ వారమంతా అందరితోపాటు ఆవిడ కూడా, “మా ఫర్నేసు బాగుచేసేది ఎవరనుకున్నారు?” అని గొప్పలు పోయింది. ఆవిడ చేప గుర్తొచ్చింది. ఇప్పుడు నోరు మూసుకుంటే వంతెన దాదాపు వచ్చినట్టే, నోరు విప్పితే పోయినట్టే. అంత లెక్క ఆయనకి తెలుసు. కానీ రేపు ఈ వంతెన దూలాలు గట్టివని ఇదే నోటితో ఆవిడకి చెప్పాలి గదా.

“లేదు,” అన్నాడు. “సిపాయిల బ్యారకులు. ప్రధాని ఇల్లు నేను చూడలేదు. ఆ ఊరే వెళ్ళలేదు. లొరెట్టా కాగితంలో ఖాళీ ఉంటే నా పేరు రాసింది. వంతెన మూసి అయిదేళ్ళయింది. గెలిపిస్తే తెరిపిస్తాను.” కూర్చోబోయి మళ్ళీ లేచాడు. “చిల్లీ చల్లారిపోతోంది.”

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. మంగలి ముఖం చూస్తే ఆయన సొంత ఆస్తి ఎవరో ఎత్తుకుపోయినట్టుంది. మెర్ల్ టోపీని బల్ల కిందికి తోసి, “ముప్ఫై సెకన్లలో రాజ్యం పోగొట్టుకున్నావు,” అన్నాడు. ఆర్డిత్ తన రొట్టెలో సగం తుంచి మొగుడి పళ్ళెంలో పెట్టింది.

మంగళవారం ఓట్లు. బుధవారం పొద్దునకి లెక్క తేలింది. ఆర్విల్ టాప్‌స్కాట్‌కి నాలుగువందల పన్నెండు. గేలార్డ్ పోస్పిషిల్‌కి నాలుగువందల పది. చీటీ కింద ఖాళీ గీత ఒకటుంటుంది, నచ్చినవాడి పేరు సొంతంగా రాసుకోవచ్చు. దాని మీద ముగ్గురు విన్‌స్టన్ చర్చిల్ అని రాశారు.

“ఆ మూడూ నావే!” అని గేలార్డ్ జిల్లా గుమస్తా బల్ల గుద్దాడు.

“మీవైతే మీ పేరే రాసేవాళ్ళు కదండీ,” అంది గుమస్తా. “పైగా ఆయన పోయి ముప్ఫై మూడేళ్ళయింది, ఫిర్యాదు చెయ్యడానికి కూడా రాడు.”

రెండు ఓట్ల గెలుపుకి ప్లమ్ బెండ్‌లో ఇప్పటికీ తండ్రులు చాలామంది ఉన్నారు. తన అట్టలే గెలిపించాయంటాడు మెర్ల్. తన కాగితమే అంటుంది లొరెట్టా. ఉత్తరపు గట్టున ఓటున్న ముప్ఫై ఒక్కమందీ ఆ రోజు వానలో పద్నాలుగు మైళ్ళు చుట్టి వచ్చారని, వాళ్ళని ఒక్కొక్కరినీ ఫోను చేసి తిట్టి లేపింది తానేనని మిసెస్ స్వోబొడా అంటుంది. ఆవిడ తిట్లు ఎరిగినవాళ్ళు ఆ వాదనకి ఎదురు చెప్పరు.

మరుసటి ఏడాది అక్టోబరుకి కొత్త దూలాలు పడ్డాయి, పీపాలు తొలిగాయి. పెద్ద పండగేమీ చెయ్యలేదు. మిసెస్ స్వోబొడా మాత్రం కొత్త ఎర్రచేపని గాజు జాడీలో ఒళ్ళో పెట్టుకుని మొట్టమొదటి కారులో అవతలికి వెళ్ళి, ఇవతలికి వచ్చింది. ఎలా తెలిసిందో ఒమాహా టీవీ నుంచి ఒకమ్మాయి మైకు పట్టుకుని వచ్చేసింది. ఎవరో, మంగలే అయ్యుంటాడు, తాళాల కథ మొత్తం ఆ పిల్ల చెవిలో వేసి పంపారు. ఆర్విల్ వంతెన పక్కన కొత్త బోర్డుకి మరలు బిగిస్తున్నాడు. ఆ అమ్మాయి మైకు ఆయన గడ్డం కింద పెట్టి, “సార్, అమెరికన్లకి బాగా తెలిసిన బ్రిటన్ ప్రధానమంత్రుల్లో నాలుగోవారు మీరేనటగా?” అని అడిగింది.

ఆర్విల్ ఆఖరి మర బిగించి, బోర్డుని ఓసారి ఊపి చూసి, అటు తిరిగాడు.

“కాదమ్మా. నేను ఫర్నేసులు బాగుచేస్తాను. ఈ వంతెన మీద పది టన్నులు దాటిన బండి ఎక్కకూడదు.”